విమానం దిగిన కుక్కపిల్ల

హైదరాబాదు విమానాశ్రయంలో సరుకులు అప్పగించే షెడ్డులో ఆ పెట్టె తలుపు తీయగానే నా కుక్కపిల్ల నన్నే కరిచింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెత్తని చోట పళ్లు దిగబడ్డాయి. నేను చెయ్యి లాక్కోలేదు. లాక్కుంటే కండ చీలుతుందని నర్సు ఉద్యోగంలో నేర్చుకున్నాను. చెయ్యి అలాగే ఉంచి, "నేనేరా, నేనే" అంటూ కూచున్నాను. అది గుర్తుపట్టలేదు. దాని కళ్లు నా మీద లేవు, దేని మీదా లేవు.

అప్పటికే దాని మూతినిండా రక్తం. కువైట్ నుంచి నేరుగా వచ్చే విమానంలో జంతువుల్ని ఎక్కించుకోం అన్నారు. దాన్ని విడిగా పంపిస్తే, మధ్యలో ఇంకో దేశంలో విమానం మారాల్సి వచ్చింది. అక్కడ ఎంతసేపు ఏ చప్పుళ్ల మధ్య పడేశారో తెలియదు. దారి పొడుగునా అది ఇనుప జాలీని కొరుకుతూనే ఉన్నట్టుంది. రాలిన పాలపన్ను ఒకటి జాలీ సందులో ఇరుక్కుని కనబడింది. ముందు కాళ్ల గోళ్లు రెండు మూలానికంటా ఊడి వేలాడుతున్నాయి. దానికి నేను పరిచిన దుప్పటి పీలికలై తడిసి ఉంది.

చివరికి దవడ వదిలింది. మా ఆయన తన భుజం మీద తువ్వాలు తీసి నా చేతికి చుట్టారు. తలుపు మూసి, పెట్టెని గుండెలకి ఆనించుకుని కారు దాకా ఆయనే మోశారు. లోపలినుంచి అది జాలీ మీదకి ఉరుకుతుంటే ఆయన చొక్కా గుండీలు రెండు తెగిపోయాయి.

నేను చాలా ఏళ్లు కువైట్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేశాను. ఉద్యోగం వదిలేసి ఇంటికి వచ్చేద్దామనుకున్న ఏడాదే ఇది దొరికింది. డ్యూటీ దిగి బస్సు దగ్గరికి నడుస్తుంటే, నిలబెట్టి ఉన్న ఒక కారు కిందనుంచి మూలుగు వినిపించింది. వంగి చూస్తే అరచేతిలో పట్టేంత పిల్ల. మూతి చుట్టూ ఇనుప తీగ చుట్టి, మెలిపెట్టి బిగించి ఉంది. ఎవరి పనో తెలియదు, సరదాకే చేసి ఉంటారు. తీగ చర్మంలోకి దిగి చీము పట్టింది. కరెంటు పని చేసేవాళ్ల దగ్గర కటింగ్ ప్లేయరు అడిగి తెచ్చి, ఆ తీగ తెంపాను. అంత నొప్పిలోనూ ఆ రోజు అది నన్ను కరవలేదు. నా మోచేతి మడతలో తలపెట్టి పడుకుంది. దాన్ని అక్కడ వదిలిరావడం నా వల్ల కాలేదు.

మా ఊరు ఐ.పోలవరం దగ్గర. మా ఆయనకి అక్కడ రొయ్యల చెరువులు. ఏడాదికో నెల సెలవులో వచ్చి చూసిపోయిన కాపురమే మాది. ఆయన గొంతు లేపడం నేనెప్పుడూ వినలేదు. చెరువు గట్టు మీద పాము ఎదురైతే ఆగిపోయి, అది దాటాక నడిచే మనిషి.

దారిలో కొంతసేపు అది సొమ్మసిల్లినట్టు పడుకుంది. తెల్లారి రావులపాలెం చేరేసరికి అరటిగెలల లారీలు రోడ్డు నిండా అడ్డంగా ఉన్నాయి. మా పక్కనే ఒక లారీవాడు హారన్ మోగించాడు. అంతే, వెనక సీట్లో పెట్టె గాల్లోకి లేచినంత పని అయింది. నా ఒళ్లో పడి, దాని అంచు తగిలి నా పెదవి చిట్లింది. లోపల అది తన కాలిని తనే కొరుక్కుంటోంది. ఆ చప్పుడు నేను మర్చిపోలేను. ఎముకని నమిలే చప్పుడు అది.

"ఆసుపత్రికి పోనిమ్మంటావా?" అన్నారు మా ఆయన, వెనక్కి తిరక్కుండానే.

"వద్దండీ. ముందు ఇంటికి పోనివ్వండి. చీకటి గది కావాలి దానికి. మనుషులు ఎవరూ ఉండకూడదు."

"ఆయ్, అలాగే" అన్నారు.

ఇంట్లో ధాన్యం బస్తాలు వేసే గది ఖాళీ చేయించాం. ఒకటే చిన్న కిటికీ. దానికి గోనె కట్టాం. పెట్టె తలుపు తీసి పెట్టి, నేను ఉతక్కుండా తెచ్చిన డ్యూటీ గుడ్డలు ఒక మూల పరిచాను, నా వాసన ఉంటుందని. అది బయటికి వచ్చి గోడలవెంట గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. ముక్కు గోడకి రాసుకుని రక్తం కారుతున్నా ఆగలేదు. గోడల మీద ఎర్రటి గీత పడింది. అలిసిపోయి పడినప్పుడు కాలికి మందు రాయబోతే ఇంకోసారి కరిచింది.

చెరువుల్లో నీళ్లు చిలికే గాలి చక్రాల హోరు అలవాటవుతుందనుకున్నాను. టపాకాయల సంగతి మాత్రం నేను మర్చిపోయాను.

మా చెరువు గట్టుకి ఆనుకునే మా ఆయన బాబాయి, అంటే మా చిన్నమావయ్యగారి చెరువులు. నీటికాకులు గుంపులుగా దిగి రొయ్యల్ని ఎత్తుకుపోతాయని పగలంతా ఆయన తాడు చుట్టిన బాంబులు పేలుస్తూ ఉంటారు. ఒక్కొక్కటి పేలినప్పుడల్లా ధాన్యం గదిలో నుంచి ధబ్బుమని చప్పుడు వచ్చేది. పిల్ల ఎగిరి గోడకి గుద్దుకునేది. మర్నాడు పొద్దున్నే వెళ్లి అడిగాను.

"మావయ్యగారూ, కొద్దిరోజులు టపాకాయలు ఆపండి. డబ్బా కొట్టించండి, పిట్టలు అవే పోతాయి."

"కుక్క బెదిరిందని కాకులకి రొయ్యలు వడ్డించమంటావా అమ్మాయ్?" అన్నారాయన. "కుక్కని తెచ్చేవా, దేవుణ్ణి తెచ్చేవా? ఉండు, నేనొచ్చి చూస్తాను."

వద్దంటున్నా వినకుండా వచ్చారు. చేతికర్రతో గది తలుపు తోసి లోపలికి నడిచారు. ఆయన పంచె అంచు కదలగానే అది మూలనుంచి దూసుకొచ్చి పిక్క పట్టుకుంది. ఆయన కేకపెట్టి రెండో కాలితో తన్నారు. అది పోయి గోడకి తగిలి కింద పడింది. లేచేలోగా కర్రతో వీపు మీద కొట్టారు. ఇంకోటి కొట్టారు. నేను దాని మీద పడ్డాను. తరవాతి దెబ్బ నా భుజానికి తగిలింది. నా కింద అది నన్ను కరుస్తోంది, పైన ఆయన అరుస్తున్నారు.

"దెబ్బ తెలియాలమ్మాయ్! దెబ్బ తెలియని కుక్క మనిషిని చంపుతుంది!"

మా ఆయన వచ్చేసరికి ముసలాయన పిక్క పట్టుకుని గుమ్మంలో కూచుని ఉన్నారు. మా ఆయన నా భుజం మీద కమిలిన చోటు చూశారు. తరవాత, "బాబాయ్, ఇంక నువ్వు ఈ గదిలోకి రాకు" అన్నారు. అది కూడా నెమ్మదిగానే అన్నారు. ఆ నెమ్మది చూసి నాకు అప్పుడు భయం వేయాల్సింది. వేయలేదు.

ఆ తరవాత నా సంసారమంతా ధాన్యం గదిలోకి మార్చేశాను. దాని వైపు చూడకుండా, వీపు పెట్టి కూచుని కూరలు తరిగేదాన్ని, తల దువ్వుకునేదాన్ని, ఫోన్లో మాట్లాడేదాన్ని. భయపడిన ప్రాణి ముందు మన మొహం పెట్టకూడదు. వార్డులో మనుషుల దగ్గరైనా అంతే. గిన్నెలో అన్నం పెడితే నేను బయటికి వెళ్లాక కూడా ముట్టేది కాదు. నీళ్లు మాత్రం తాగేది. పక్కటెముకలు లెక్కపెట్టగలిగేలా అయిపోయింది.

దాని చేత తినిపించింది మా ఆయన. అప్పుడే పట్టిన రొయ్యలు ఉప్పు లేకుండా ఉడకబెట్టి, ఒలిచి, గుమ్మం దగ్గర నేల మీద బోర్లా పడుకునేవారు. అంత భారీ మనిషీ మొహం నేలకి ఆనించి, చెయ్యి మాత్రం ముందుకు చాపి, అరచేతిలో ఒక్క రొయ్య పెట్టుకుని ఉండేవారు. ఎర్రచీమలు కుడుతున్నా కదిలేవారు కాదు. మొదట చాలాసార్లు వట్టిదే అయింది. ఒక మధ్యాహ్నం అది పాక్కుంటూ వచ్చి, రొయ్య అందుకుని వెనక్కి పారిపోయింది. ఇంకో రోజు తిన్నాక అరచెయ్యి నాకింది.

"ఏమోయ్, చూసేవా?" అన్నారు, గొంతు పైకి రాకుండా. ఆయన కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. ఆ రోజునుంచి ఆయన మధ్యాహ్నం కునుకు కూడా ఆ గడప దగ్గరే. అది వచ్చి ఆయన పాదాలకి వీపు ఆనించి పడుకోవడం మొదలుపెట్టింది. టపాకాయ పేలితే లేచి వణికేది కానీ గోడకి గుద్దుకునేది కాదు. ముంగిట్లోకి కూడా రాసాగింది. గట్టెక్కామనుకున్నాను.

ఆ రోజు కొబ్బరికాయలు దింపేవాళ్లు వచ్చి వెళ్తూ గేటు వేయడం మరిచిపోయారు. మా ఆయన చెరువు దగ్గర పాడైన గాలి చక్రం బాగుచేయిస్తున్నారు. పిల్ల ముంగిట్లో నా పక్కనే ఉంది. అంతలో పక్క చెరువు మీద టపాకాయ పేలింది. ఒకటి కాదు, వరసగా. అది ఒక్క ఉరుకున గేటు దాటింది. నేను చెప్పులు కూడా లేకుండా వెనక పరిగెత్తాను.

పేలుడునుంచి పారిపోతున్నాననుకుని అది పేలుడు ఉన్న గట్టు మీదకే ఎక్కింది. అక్కడ చిన్నమావయ్యగారి ఎర్రకుక్క ఉంది. చెరువుకి కాపలా కుక్క అది, దాని వెనక ఇంకో నాలుగు తిరుగుతుండేవి. దొంగల్ని రానివ్వవని ఆయన వాటికి కోడి పేగులు వేసి మేపేవారు. ఎర్రకుక్క మొరగలేదు. నేరుగా వచ్చి పిల్ల మెడ పట్టుకుని ఎత్తి విదిలించింది. ఇంకోటి వెనక కాలు పట్టుకుంది. రెండూ చెరో వైపు లాగాయి. పిల్ల అరుపు కుక్క అరుపులా లేదు.

దారిలో పడి ఉన్న కొబ్బరిమట్ట అందుకుని కొట్టాను. రెండో దెబ్బకి మట్ట విరిగిపోయింది. ఒక కుక్క నా తొడ పట్టుకుంది. ఇంకోటి చీరకుచ్చిళ్లు పట్టి లాగితే మోకాళ్ల మీద పడ్డాను. ఎర్రకుక్క మెడ వదిలి చెవి పట్టుకుంది. చెవి చిరిగి దాని నోట్లోకి వచ్చేసింది. మింగి మళ్లీ మెడ మీదకి వెళ్లింది. నేను దాని దవడలో వేళ్లు పెట్టి విప్పబోయాను. నా వేళ్లు కూడా దాని పళ్ల కిందే ఉన్నాయి. ఏవండీ, ఏవండీ అని మాత్రం అరుస్తున్నాను.

ఆయన ఎప్పుడు వచ్చారో చూడలేదు. గాలి చక్రానికి వేసే ఇనప కడ్డీ చేతిలో ఉంది. మొదటి దెబ్బ ఎర్రకుక్క నడుం మీద పడింది. ఎండుకట్టె విరిగినట్టు వినపడింది. నా వేళ్లు వదిలింది, పిల్లని వదిలింది. మిగిలినవి చెల్లాచెదురయ్యాయి. ఎర్రకుక్క వెనక భాగం ఈడ్చుకుంటూ పోబోయి, తల తిప్పి ఆయన్ని చూసింది. ఆయన తల మీద కొట్టారు. మళ్లీ కొట్టారు. అది కదలడం మానేసింది. ఆయన మానలేదు.

"చచ్చిపోయిందండీ! ఏవండీ, అది చచ్చిపోయిందండీ!"

ఆయనకి వినపడలేదు. కడ్డీ లేచినప్పుడల్లా ఆయన మొహం మీదా, కొబ్బరి మొదళ్ల మీదా రక్తం చిందుతోంది. కింద ఉన్నది ఇంక కుక్కలా లేదు. కాస్త దూరంలో మా పిల్ల నేలకి అంటుకుపోయి, ఒంటి చెవితో, రెప్ప వేయకుండా ఆయన్నే చూస్తోంది.

అప్పటికి చిన్నమావయ్యగారు గట్టు మీదకి వచ్చారు. కుక్కని చూసి ఒక్క క్షణం నిలబడిపోయారు. తరవాత చేతికర్ర ఎత్తి మా ఆయన నుదురు మీద కొట్టారు. నుదురు పగిలి రక్తం కళ్లలోకి కారింది.

"వరదల్లో పడవలోకి లాగి పెంచుకున్నానురా దాన్ని! కన్నబిడ్డలా పెంచేను! నీకు తెలీదులే. పిల్లల్లేని కొంపలో విమానం కుక్కకి ఉయ్యాల కడతన్నావు, నీకేం తెలుస్తాది!"

మా ఆయన కడ్డీ చెరువులోకి విసిరేశారు. అమ్మయ్య అనుకున్నాను. మరుక్షణం ఆయన రెండు చేతులూ బాబాయి గొంతు మీద ఉన్నాయి. ఇద్దరూ గట్టుమీంచి దొర్లి నీళ్లలో పడ్డారు. నడుం లోతు నీళ్లే. మా ఆయన లేచారు. ముసలాయన లేవలేదు, లేవనివ్వలేదు. తల నీళ్లలోకి నొక్కి పట్టి, మోకాలు వీపు మీద వేశారు. పంచె తెల్లగా పైకి ఉబికింది. చేతులు నీళ్లని కొడుతున్నాయి.

దూకాను. చొక్కా పట్టుకుని లాగాను, కదలలేదు. అప్పుడు నా బలమంతా పెట్టి ఆయన చెంప మీద కొట్టాను. ఒకసారి కాదు. కాపురం చేసిన ఇన్నేళ్లలో ఒకరి మీద ఒకరం చెయ్యి ఎత్తినవాళ్లం కాదు. కొడుతూనే ఉన్నాను, ఆయన నన్ను చూసేదాకా. చూశారు. చేతులు వదిలేశారు.

ముసలాయన్ని ఒడ్డుకి లాగి బోర్లా తిప్పాను. బురదనీళ్లు కక్కారు. ఊపిరి అందాక, నన్నూ చూడలేదు, మా ఆయన్నీ చూడలేదు. మోకాళ్ల మీద పాకుతూ కుక్క దగ్గరికి వెళ్లి, దాని కాలు ఒళ్లో పెట్టుకుని, "తల్లీ, తల్లీ" అని ఏడవడం మొదలుపెట్టారు. అది ఆడకుక్క అని నాకు అప్పుడే తెలిసింది.

అమలాపురంలో పశువుల డాక్టరు పిల్లకి మెడా కాలూ కుట్టారు. చెవి మొదలు దగ్గర ఏమీ మిగల్లేదు. ఆ సాయంత్రమే మేం కుక్కకాటు సూదులకి ఆసుపత్రికి వెళ్తే, అక్కడ బల్ల మీద చిన్నమావయ్యగారు కూచుని ఉన్నారు. ఆయన పిక్క గాయానికి సూదులు ఇంకా పూర్తికాలేదు. ఖాళీ లేక ఆయన పక్కనే కూచోవలసి వచ్చింది. మా ఆయన నుదుటికి కట్టు. చిన్నమావయ్యగారి గొంతు మీద వేళ్ల ముద్రలు నల్లబడి ఉన్నాయి. సూదివేసే అమ్మాయి మమ్మల్ని ముగ్గుర్నీ మార్చి మార్చి చూసి, "అందరూ ఒకే ఇంటివారాండీ?" అని అడిగింది.

మేమిద్దరం తలదించుకున్నాం.

"ఆయ్" అన్నారు చిన్నమావయ్యగారు.

పోలీసుల దగ్గరికి ఆయన వెళ్లలేదు. వెళ్తారని మేం ఎదురుచూశాం. కొన్నాళ్లకి మా ఆయనే ఆయన ఇంటికి వెళ్లారు, నేనూ వెనక వెళ్లాను. ఆయన అరుగు మీద కూచుని వల బాగుచేసుకుంటున్నారు.

"బాబాయ్, నిన్ను నీళ్లలో నొక్కినందుకు నీ కాళ్లు పట్టుకుంటాను" అన్నారు మా ఆయన. "ఎర్రకుక్క సంగతి ఏం చెప్పాలో తెలీట్లేదు. మళ్లీ అలా జరిగితే మళ్లీ అలాగే చేస్తానేమోనని భయంగా ఉంది."

ముసలాయన వల పక్కన పెట్టారు.

"నాకూ భయంగానే ఉందిరా" అన్నారు. "నిన్ను పసోడప్పట్నించీ ఎత్తుకు తిరిగేను. నీలో అది ఉందని నాకు తెలీదు." వల మళ్లీ ఒళ్లోకి లాక్కుని, "పిల్లల మాట అనకుండా ఉండాల్సింది" అని నా వైపు చూడకుండా అన్నారు.

అంతకు మించి సర్దుబాటేమీ కాలేదు. ఆయన టపాకాయలు మానలేదు. మా ఇంటికి రావడం మానేశారు. గేటుకి మాత్రం మేం రెండు గొళ్లేలు పెట్టించాం.

పిల్లని మళ్లీ ధాన్యం గదిలోకి తీసుకెళ్లి మొదటినుంచి మొదలుపెట్టాను. ఈసారి నా దగ్గరికి త్వరగానే వచ్చింది. కుట్లు విప్పుతుంటే నా ఒళ్లోనే పడుకుంది. మా ఆయన అడుగు వినపడితే మాత్రం వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. నిలబడిన చోటే ఉచ్చ పోసేది. ఆయన గడప దగ్గర బోర్లా పడుకుని రొయ్య చాపితే, పళ్లు బయటపెట్టి, గోడకి అతుక్కుపోయి, ఊపిరి బిగబట్టేది. తనని కాపాడటానికే ఆయన ఆ పని చేశారని దానికి ఎవరు చెప్పాలి? అది చూసింది ఆ చేతుల్నే. ఒక రోజు ఆయన చాపిన చేతిని ఎముక కనబడేలా కరిచింది. ఆయన నాలాగే చెయ్యి లాక్కోలేదు. "కరవనీ, పర్లేదు" అన్నారు. ఆ తరవాత బావి దగ్గరికి వెళ్లి, చాలాసేపు నీళ్లు గుమ్మరించుకుంటూ నిలబడ్డారు.

ఒకసారి అన్నం పెడుతుంటే, "నువ్వు కొట్టకపోతే చంపేసేవాణ్ణి కదా?" అని అడిగారు.

"ఆయ్" అన్నాను. అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయన తల ఊపి అన్నం కలుపుకున్నారు.

నెలలు గడిచాక ఒకటి గమనించాం. ఆయన చేతిలో ఏమీ లేకపోతే అది లేచి పోవడం లేదు. పేపరు ఉన్నా, గొడుగు ఉన్నా, చివరికి చెంచా ఉన్నా, గది ఖాళీ చేస్తుంది. అప్పటినుంచి ఆయన అన్నీ గేటు బయటే వదిలి వస్తారు. చెరువు పనిముట్లు, సంచి, ఫోను కూడా. పొగాకు చుట్ట మానేశారు. వానాకాలం గొడుగు గేటు దగ్గరే ముడిచిపెట్టి, తడుస్తూ ముంగిలి దాటి వస్తారు, రెండు చేతులూ పక్కలకి వదిలేసి, వేళ్లు విప్పుకుని.

మొన్న అలాగే తడిసి వచ్చి వసారాలో నేల మీద కూచున్నారు. నేను తువ్వాలు అందించబోతే వద్దని తల ఊపారు. పిల్ల, ఇప్పుడు పిల్లేమిటి, నా మోకాలు దాటి పెరిగింది, మూలనుంచి లేచి వెళ్లి ఆయన ఒక అరచెయ్యి వాసన చూసింది. రెండోదీ చూసింది. తరవాత అటు తిరిగి, ఆయనకి వీపు పెట్టి పడుకుంది, వాన వైపు చూస్తూ. ఆయన కాలికి తగిలేంత దగ్గర కాదు. మూరెడు ఎడం ఉంది. ఆయన ఒంటిమీంచి నీళ్లు కారి నేల మీదుగా దాని పొట్ట కిందకి వెళ్తున్నాయి. అది లేవలేదు. ఆయనా కదల్లేదు. నేను తువ్వాలు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.